చిక్కటి మందు, పల్చటి మందు

ఇవాళంతా తణుకు పక్కన లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారంలోనే. పదహారు వారాల పెట్టలకు కిల్డ్ వ్యాక్సిన్, అంటే చంపిన వైరస్‌ని నూనెలో కలిపిన టీకా. ఇంకాస్త ఆగితే గుడ్డుకొచ్చేస్తాయి, అప్పుడు పట్టి కుదిపితే ఊరుకోవు. వేల్పూరులో బర్డ్ ఫ్లూ బయటపడిన 2025 ఫిబ్రవరి నుంచీ ఫుట్‌బాత్ (కాళ్లు ముంచే మందునీళ్ల తొట్టి) దాటితేగానీ నన్ను కూడా లోపలికి రానివ్వట్లేదు. మంచిదే.

ఓనరు గారు రెండు కంపెనీల సరుకు తెప్పించి, "ఏది మంచిదో మీరే తేల్చండి డాక్టరు గారూ" అన్నారు. రెండింట్లోనూ చచ్చిన వైరస్సే, కొక్కెర తెగులూ, గుడ్లు తగ్గించేసే ఈడీఎస్ జబ్బూ కలిపి. తేడా అంతా నూనెలో. చన్నీళ్ల గ్లాసులో ఒక్కో చుక్క వేసి చూశాను. రెండూ చెదరకుండా గుండ్రంగా నిలిచాయి. అంటే నూనెలో నీటి బిందువులున్న రకమే. గాలికుంటు టీకాల్లో వాడే డబుల్ ఎమల్షనైతే (నూనె-నీళ్ల మిశ్రమాన్ని మళ్లీ నీళ్లలో కలిపిన రకం) నీళ్లలో పాలలా విచ్చుకుపోయేది.

మినరల్ ఆయిల్‌ని కోడి ఒళ్లు అరిగించుకోలేదు. పొడిచిన చోటే ఉండి యాంటిజెన్‌ని (మందులోని చచ్చిన వైరస్‌ని) కొంచెం కొంచెంగా వదులుతుంది. ఏడాది దాటి గుడ్లు పెట్టాల్సిన కోడికి అదే కావాలి. ఆ మొండితనానికే ఒక్కోసారి గడ్డ కూడా కడుతుంది. వేరుశనగ నూనెలాంటివి అరిగిపోతాయి, గడ్డల బెడద తక్కువే, కానీ లేయర్‌కి నేను చెప్పను.

అసలు గొడవ చిక్కదనం దగ్గరొచ్చింది. మొదటి రకం ఫ్రిజ్‌లోంచి తీయగానే జిగురుగా ఉంది. "ఇదేటండీ బాబూ, నొక్కలేక బొటనవేలు ఊడొస్తాంది" అని మేస్త్రి. సీసాల్ని గోరువెచ్చటి నీళ్లలో పెట్టించినా, సిరంజి పైపులో బుడగలు ఆగలేదు. బుడగ పడిన కోడికి అర మిల్లీ బదులు పావే వెళ్తుంది. రెండోది మాంటనైడ్ ఐఎస్ఏ 70 అనే టీకా నూనె తరహా. అందులో బరువులో నూటికి డెబ్బై పాళ్లు నూనే, అయినా సూదిలోంచి జారిపోతుంది. నా ఓటు దానికే. డోసు పూర్తిగా మెడ చర్మం కిందికి చేరకపోతే ఎంత గొప్ప నూనైనా దండగ.

ఫ్రీజర్ పెట్టెకి ఆనుకున్న ఒక సీసా గడ్డకట్టి, నీరు విడిపోయింది. "కుదిపి వాడేద్దామండీ" అన్నారు ఓనరు గారు. విరిగిన ఎమల్షన్ మళ్లీ అతకదని చెప్పి పక్కన పెట్టించాను. ఆయన మొహం చూడాలి!

కుర్రాళ్లకు మాత్రం గట్టిగా చెప్పాను: సూది వేలికి దిగితే చిన్న గాయమే కదా అని ఊరుకోవద్దు, సీసా పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తండి. ఈ నూనె వేలినే తినేస్తుంది.

ఏ షెడ్డుకి ఏ మందు వేశారో వేర్వేరుగా రాయించాను. నాలుగు వారాలాగి రక్తం తీసి హెచ్ఐ టైటర్లు (టీకాకి ఒంట్లో పుట్టిన రక్షణ ఎంతో చెప్పే అంకెలు) చూడాలి. ఈలోపు ఓనరు గారు రేట్లు బేరమాడుతూనే ఉంటారు.