అయిదు మ్యాచ్‌ల శిక్ష, అదీ వచ్చే ఏడాది

బేస్‌బాల్‌లో ఒక ఆటగాడిపై సస్పెన్షన్ పడిందంటే అభిమానుల మధ్య వాదన ఎలా సాగుతుందో ముందే ఊహించవచ్చు. ఆ ఆటగాడి జట్టువారికి శిక్ష మరీ ఎక్కువగా కనిపిస్తుంది, ఎదుటి జట్టువారికి మరీ తక్కువగా కనిపిస్తుంది. జట్టుపై మమకారం ఉన్నవారికి న్యాయం కనిపించదని, అభిమానుల మాటను లెక్కలోకి తీసుకోనక్కరలేదని దీన్నిబట్టి చాలామంది తేల్చేస్తారు. నేను లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ అభిమానిని. ఈ వాదనలను ఎన్నో ఏళ్లుగా వింటున్నాను, వాటిలో పాల్గొంటున్నాను కూడా. నాకు అర్థమైనంతవరకు తప్పు ప్రధానంగా మమకారానిది కాదు. శిక్ష ఎంత ఉండాలో, ఎప్పుడు అమలు కావాలో నియమాలలో ముందే రాసి ఉన్నచోట అభిమానులు పెద్దగా గొడవపడరు; అది ఒక అధికారి విచక్షణకు వదిలేసిన చోటే ఆ ఖాళీని ప్రతి జట్టూ తన అభిమానంతో నింపుకుంటుంది.

2017 వరల్డ్ సిరీస్ (ఏటా సీజన్ విజేతను తేల్చే చివరి పోటీ) మూడో మ్యాచ్ సంగతి డాడ్జర్స్ అభిమానులెవరూ మరచిపోలేదు. హ్యూస్టన్ ఆస్ట్రోస్ ఆటగాడు యూలీ గురియెల్, జపాన్ నుంచి వచ్చిన మా పిచ్చర్ యూ డార్విష్ బౌలింగులో హోమ్ రన్ (బంతిని మైదానం దాటించే దెబ్బ) కొట్టి డగౌట్‌లోకి వెళ్లి కూర్చుని, తన కళ్ల చివరలను వేళ్లతో లాగి డార్విష్ జాతిని వెక్కిరించాడు. కెమెరాలు దానిని పట్టుకున్నాయి. మరునాడు లీగ్ అధిపతి అయిన కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ అతనికి అయిదు మ్యాచ్‌ల సస్పెన్షన్ విధించారు, కాని అది 2018 సీజన్ ఆరంభంలో అమలయ్యేలా నిర్ణయించారు. వరల్డ్ సిరీస్ మ్యాచ్‌లకు జీతం లేదు కాబట్టి అక్కడ ఆపితే డబ్బు నష్టం ఉండదని, ఒకరి తప్పుకు మిగతా ఆస్ట్రోస్ ఆటగాళ్లను శిక్షించడం సరికాదని ఆయన కారణాలు చెప్పారు. డార్విష్ ఎంతో హుందాగా స్పందించి, ఈ వివాదాన్ని దాటి ముందుకు వెళదామన్నాడు. ఆ తరువాత అయిదో మ్యాచ్‌లో క్లేటన్ కెర్షా బౌలింగులో మూడు పరుగుల హోమ్ రన్ కొట్టి స్కోరును 4-4తో సమం చేసినది ఈ గురియెలే. ఆ మ్యాచ్‌ను ఆస్ట్రోస్ 13-12తో గెలిచారు, ఏడో మ్యాచ్‌తో సిరీస్‌ను కూడా గెలిచారు.

గురియెల్ లేకపోతే డాడ్జర్స్ గెలిచేవారని నేను అనడం లేదు. ఒక సీజన్లో చేసిన తప్పుకు ఇంకో సీజన్లో శిక్ష వేస్తే, దాని విలువ ఏ మేరకు పడిపోతుందన్నదే నా ప్రశ్న. వరల్డ్ సిరీస్‌లో ఒక మ్యాచ్‌కు, ఏప్రిల్ నెలలో 162 మ్యాచ్‌లలో ఒకటైన మ్యాచ్‌కు ఉన్న తేడా ఆట చూసే ప్రతివారికీ తెలుసు.

ఇదే లెక్క అంతకు ఇరవై ఒక్క సంవత్సరాల ముందు కూడా జరిగింది. 1996 సెప్టెంబరు 27న టొరంటోలో, తనను అవుట్ చేసిన మూడో స్ట్రైక్ నిర్ణయంపై వాదించిన బాల్టిమోర్ ఓరియోల్స్ ఆటగాడు రాబర్టో అలోమార్‌ను అంపైర్ జాన్ హర్ష్‌బెక్ మైదానం నుంచి పంపించేశారు. ఆ కోపంలో అలోమార్ ఆయన ముఖంమీద ఉమ్మేశాడు. తరువాత విలేకరులతో మాట్లాడుతూ, కొడుకు చనిపోయినప్పటి నుంచి హర్ష్‌బెక్ స్వభావం మారిపోయిందన్న అర్థం వచ్చేలా వ్యాఖ్యానించాడు. ఏఎల్‌డీ అనే అరుదైన జన్యువ్యాధితో బిడ్డను పోగొట్టుకున్న తండ్రి గురించి అన్న ఆ మాట, ఉమ్మిన పనికన్నా ఘోరమైనదని నా అభిప్రాయం. అమెరికన్ లీగ్ అధ్యక్షుడు జీన్ బుడిగ్ వేసిన శిక్ష అయిదు మ్యాచ్‌లు. అప్పీలు పెట్టుకున్న అలోమార్ మరునాడే ఆడి, హోమ్ రన్‌తో జట్టును పోస్ట్‌సీజన్‌కు (సీజన్ ముగిశాక జరిగే నాకౌట్ పోటీలకు) చేర్చాడు. ఆ శిక్ష 1997 సీజన్ ఆరంభానికి వాయిదా పడింది. పోస్ట్‌సీజన్ మ్యాచ్‌లకు రాబోమని అంపైర్లు హెచ్చరించగా, కోర్టు ఆదేశంతో వారిని మైదానానికి రప్పించవలసి వచ్చింది. అలోమార్, హర్ష్‌బెక్ తరువాతి కాలంలో రాజీపడి స్నేహితులయ్యారు, ఏఎల్‌డీ పరిశోధనకు అలోమార్ విరాళమిచ్చాడు. వారిద్దరూ సర్దుకున్నారు కాని నియమం మాత్రం సర్దుకోలేదు. అదే అయిదు మ్యాచ్‌లు, అదే వచ్చే ఏడాది, 2017లో మళ్లీ యథాతథంగా ఎదురయ్యాయి.

2020లో జరిగింది ఇంకా విచిత్రమైనది. ఎలాంటి బంతి వేయాలో ఎదుటి క్యాచర్ తన పిచ్చర్‌కు ఇచ్చే సైగలను కెమెరాతో చూసి, చెత్తడబ్బాను మోగించి తమ బ్యాటర్లకు తెలియజేసే పద్ధతిని 2017లో ఆస్ట్రోస్ నడిపించారని లీగ్ విచారణలో తేలింది. జనరల్ మేనేజర్ జెఫ్ లూనో, మేనేజర్ ఏ.జె. హించ్‌లను ఒక సీజన్ సస్పెండ్ చేశారు, క్లబ్బుకు 50 లక్షల డాలర్ల జరిమానా వేశారు, క్లబ్బులు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో రెండేళ్లపాటు తొలి రెండు రౌండ్ల ఎంపికలు తీసేసుకున్నారు. కాని నిజం చెబితే శిక్ష ఉండదన్న హామీపై ఆటగాళ్ల నుంచి సమాచారం రాబట్టారు కాబట్టి, ఆ చప్పుడు విని బ్యాటు ఝళిపించిన ఆటగాళ్లలో ఒక్కరికీ ఒక్క మ్యాచ్ సస్పెన్షన్ కూడా పడలేదు. అదే సంవత్సరం జులైలో మా రిలీఫ్ పిచ్చర్ జో కెల్లీ హ్యూస్టన్‌లో ఆస్ట్రోస్ బ్యాటర్ అలెక్స్ బ్రెగ్‌మన్ తల వెనుకగా ఒక బంతి విసిరాడు, కార్లోస్ కొరియాను కూడా బంతులతో బెదిరించాడు. బంతి ఎవరికీ తగలలేదు. అయినా ఎనిమిది మ్యాచ్‌ల శిక్ష పడింది. కరోనా వల్ల ఆ సీజన్ 60 మ్యాచ్‌లకే కుదించారు కాబట్టి, మామూలు సీజన్ లెక్కలో అది ఇరవైకి పైగా మ్యాచ్‌లతో సమానం. అప్పీలు తరువాత దానిని అయిదుకు తగ్గించారు.

కెల్లీ చేసింది సమర్థనీయం కాదు. తలవైపు దూసుకువచ్చే బంతి మనిషి ప్రాణం తీయగలదు; 1920లో క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ అలాగే చనిపోయాడు. నేను డాడ్జర్స్ అభిమానిని కాబట్టి కెల్లీని వెనకేసుకురావాలని ఎవరైనా ఆశిస్తే అది నా వల్ల కాదు. నా అభ్యంతరమల్లా ఆ ఎనిమిది అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేకపోవడం మీదే. అది ఏ పట్టికలోనూ లేదు. ఆధారం లేని అంకె ముందు లాస్ ఏంజెలిస్‌వారు ఒక కారణం ఊహించుకున్నారు, హ్యూస్టన్‌వారు ఇంకొకటి ఊహించుకున్నారు.

ఉత్ప్రేరకాల (శక్తి పెంచే నిషేధిత మందుల) విషయంలో పరిస్థితి దీనికి భిన్నంగా ఉంది. 2013లో ఆటగాళ్లకు అలాంటి మందులిచ్చిన బయోజెనెసిస్ క్లినిక్ వ్యవహారం బయటపడినప్పుడు ఆగస్టు 5న పన్నెండుమంది ఆటగాళ్లు తలా 50 మ్యాచ్‌ల శిక్షను అంగీకరించారు. అది అప్పట్లో తొలి తప్పుకు నియమావళిలో ఉన్న అంకె. కాబట్టి యాభై ఎందుకని పెద్దగా ఎవరూ వాదించలేదు. కాని అదే వ్యవహారంలో రయన్ బ్రాన్‌కు 65, అలెక్స్ రోడ్రిగెజ్‌కు 211 అని విడి అంకెలు వచ్చేసరికి వాదనలు మొదలయ్యాయి. రోడ్రిగెజ్ శిక్షను మధ్యవర్తి ఫ్రెడ్రిక్ హొరోవిట్జ్ 162కు, అంటే ఒక పూర్తి సీజన్‌కు తగ్గించారు. శిక్షాకాలంలో జీతం ఇవ్వనక్కరలేదు కాబట్టి అతని జట్టు యాంకీస్ క్లబ్బుకు ఆ ఏడాది కోట్ల డాలర్లు మిగిలాయి. తప్పు చేసిన ఆటగాడితో భారీ ఒప్పందం కుదుర్చుకున్న క్లబ్బు, ఆ తప్పు వల్లే లాభపడే ఈ ఏర్పాటు గురించి అభిమానులు ఇంకా గట్టిగా మాట్లాడాలి.

ఆ పన్నెండుమందిలో డెట్రాయిట్ ఆటగాడు జానీ పెరాల్టా ఒకడు. అతని 50 మ్యాచ్‌లు సీజన్ చివరికి పూర్తికావడంతో, పోస్ట్‌సీజన్‌కు తిరిగివచ్చి ఓక్లాండ్ మీద మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. మరుసటి వసంతంలో లీగ్, ఆటగాళ్ల సంఘం కలిసి నియమాన్ని మార్చాయి: తొలి తప్పుకు 80 మ్యాచ్‌లు, రెండో తప్పుకు 162, మూడోసారి జీవితకాల నిషేధం, వీటితోపాటు ఆ సంవత్సరం పోస్ట్‌సీజన్‌లో ఆడే వీలు ఉండదు. 2022 ఆగస్టులో శాన్ డియేగో తార ఫెర్నాండో టాటిస్ జూనియర్‌కు 80 మ్యాచ్‌ల శిక్ష పడినప్పుడు అందరూ అతని సంజాయిషీని నమ్మాలా వద్దా అని చర్చించుకున్నారే తప్ప, 80 ఎక్కువా తక్కువా అని కాదు. అతను లేకుండానే అతని జట్టు పాడ్రెస్ ఆ అక్టోబరులో 111 విజయాలు సాధించిన మా డాడ్జర్స్‌ను ఇంటికి పంపారు. అది మింగుడుపడని ఓటమి, అయినా ఆ పోటీలో ఎవరు ఉండాలో ఎవరు ఉండకూడదో అన్న విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అంకె స్థిరపరిస్తే అన్నీ సర్దుకుంటాయని కూడా చెప్పలేను. బంతిపై పట్టు కోసం పిచ్చర్ చేతికి జిగురు పదార్థం పూసుకుంటే పది మ్యాచ్‌ల సస్పెన్షన్, ఆ పది మ్యాచ్‌లూ జట్టు అతని స్థానంలో మరొకరిని తీసుకోకూడదు. నియమం స్పష్టంగానే ఉంది, కాని జిగురు ఉందో లేదో తేల్చేది అంపైర్ వేళ్ల స్పర్శ. 2023 ఏప్రిల్ 15న న్యూయార్క్‌లో జేమ్స్ హోయ్ నాయకత్వంలోని అంపైర్లు యాంకీస్ పిచ్చర్ డొమింగో హెర్మాన్‌ను చేతులు కడుక్కోమని చెప్పి ఆడనిచ్చారు. అభ్యంతరం చెప్పిన మినెసోటా మేనేజర్ రొకో బాల్డెల్లిని మైదానం నుంచి పంపించేశారు. నాలుగు రోజుల తరువాత డాడ్జర్ స్టేడియంలో మెట్స్ పిచ్చర్ మాక్స్ షెర్జర్ చేతులు కడుక్కుని వచ్చాక కూడా అంపైర్ ఫిల్ కజ్జీ అతనిని బయటకు పంపారు. అది నియమం అనుమతించే రోజిన్ పొడి, చెమట మాత్రమేనని షెర్జర్ ఎంత మొత్తుకున్నా పది మ్యాచ్‌లు పడ్డాయి. ఒకే వారంలో ఒకే నియమం రెండు రకాలుగా పనిచేసింది. న్యూయార్క్‌లో యాంకీస్ అభిమానులు, మెట్స్ అభిమానులు దీనిమీద తిట్టుకుంటే, తప్పు ఆ అభిమానులదని ఎలా అంటాం?

ఇక్కడే అంపైర్ల నడవడి ప్రశ్న వస్తుంది. మేజర్ లీగుల్లో 76 మంది పూర్తికాల అంపైర్లు ఉన్నారు. వారి పనిని లీగ్ నిశితంగా అంచనా వేస్తుంది, పోస్ట్‌సీజన్ బాధ్యతలు ఆ అంచనాలను బట్టే ఇస్తుంది. కాని ఆటగాడి శిక్షను మ్యాచ్‌లతో సహా ప్రకటించే అదే లీగ్, అంపైర్ మీద తీసుకున్న చర్యను సాధారణంగా బయటపెట్టదు. 2013 మేలో దీనికి ఒక మినహాయింపు చూశాం. ఒక్క బ్యాటర్‌నైనా ఎదుర్కోకముందే పిచ్చర్‌ను మార్చుకోవడానికి హ్యూస్టన్‌ను అనుమతించినందుకు, అంటే నియమం తెలియకపోయినందుకు, ఆ బృందనాయకుడు ఫీల్డిన్ కల్‌బ్రెత్‌ను లీగ్ పేరు చెప్పి రెండు మ్యాచ్‌లు సస్పెండ్ చేసింది. దానికి ముందురోజే క్లీవ్‌లాండ్‌లో, గోడ పైనున్న కమ్మీకి తగిలిన ఓక్లాండ్ ఆటగాడి హోమ్ రన్‌ను ఏంజెల్ హెర్నాండెజ్ బృందం వీడియో చూసి కూడా డబుల్‌గానే (రెండో బేస్ వరకే) ఉంచింది. నిర్ణయం తప్పని లీగ్ ఒప్పుకుంది, శిక్ష మాత్రం ఏదీ ప్రకటించలేదు. చూపు పొరబడటం, నియమం తెలియకపోవడం ఒకటి కావని లీగ్ వాదన కావచ్చు. ఆ తేడాను నేను కూడా ఒప్పుకుంటాను, కాని ఆ మాటను లీగ్ తన నోటితో చెప్పి ఉండవలసింది.

తప్పు చేసిన అంపైర్ బహిరంగంగా మాట్లాడితే ఏమవుతుందో 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో తెలిసింది. డెట్రాయిట్ పిచ్చర్ ఆర్మాండో గలరాగా పర్ఫెక్ట్ గేమ్‌కు (ఎదుటి బ్యాటర్లలో ఒక్కరూ బేస్ చేరని మ్యాచ్‌కు) ఒక్క అవుట్ దూరంలో ఉండగా, అవుటవ్వవలసిన చివరి బ్యాటర్‌ను అంపైర్ జిమ్ జాయిస్ మొదటి బేస్ దగ్గర సేఫ్ అని ప్రకటించారు. వీడియో చూసిన వెంటనే తన తప్పును దాచుకోకుండా ఒప్పుకుని, ఆ యువకుడి పర్ఫెక్ట్ గేమ్‌ను పోగొట్టానని బాధపడ్డారు. మరునాడు గలరాగా స్వయంగా లైనప్ కార్డు (జట్టు ఆటగాళ్ల జాబితా) తెచ్చి ఇస్తే జాయిస్ కన్నీళ్లు పెట్టుకున్నారు, డెట్రాయిట్ ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. అభిమానులకు మమకారమే తప్ప న్యాయబుద్ధి లేదనేవారు ఆ మధ్యాహ్నాన్ని ఎలా వివరిస్తారో నాకు తెలియదు.

మమకారానికి ఒక హద్దు ఉండాలన్నది కూడా నిజమే. 1988 ఏప్రిల్‌లో సిన్సినాటి మేనేజర్ పీట్ రోజ్, అంపైర్ డేవ్ పలోన్‌ను తోసినప్పుడు ప్రేక్షకులు మైదానంలోకి చేతికందినవి విసరగా, పలోన్ మైదానం వదిలి వెళ్లవలసి వచ్చింది. రోజ్‌కు 30 రోజుల సస్పెన్షన్ పడింది. అది అభిమానం కాదు, దౌర్జన్యం. బ్రాన్ 2014లో తిరిగివచ్చిన మొదటి రోజున మిల్వాకీ ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టడం మాత్రం నాకు అంత తప్పుగా తోచదు, ఎందుకంటే అతను శిక్ష అనుభవించి వచ్చాడు. కాని 2012లో ఉత్ప్రేరకాల మొదటి పరీక్ష ఫలితాన్ని సవాలు చేసి గెలిచినప్పుడు, అతను నమూనా సేకరించిన ఉద్యోగి నిజాయితీనే శంకించాడు, ఎందరో అభిమానులు ఆ మాటను పట్టుకుని ఒక సామాన్యుడిని దోషిగా నిలబెట్టారు. ఆ మనిషి తన పని తాను చేశాడు. అతనికి ఏ స్టేడియంలోనూ చప్పట్లు పడలేదు.

2026 సీజన్ నుంచి బంతి స్ట్రైకా కాదా అన్న నిర్ణయాన్ని బ్యాటర్, పిచ్చర్, క్యాచర్ యంత్రం సాయంతో సవాలు చేయవచ్చని లీగ్ నిర్ణయించింది, జట్టుకు రెండేసి సవాళ్లు. ఇది మంచి మార్పే, కాని ఇది బంతులకు మాత్రమే వర్తిస్తుంది. మైదానంలో తప్పుడు ప్రవర్తనకు కూడా ఉత్ప్రేరకాల నియమం మాదిరి ఒక పట్టిక కావాలి. అక్టోబరులో చేసిన తప్పుకు శిక్ష అక్టోబరులోనే మొదలవ్వాలి, అప్పీలును ఒక్కరోజులో విని తేల్చాలి, ఆటగాడి శిక్షను ప్రకటించే పత్రంలోనే ఆ మ్యాచ్ అంపైర్ల పనిమీద లీగ్ అభిప్రాయం కూడా ఉండాలి. రేపు వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ ముందురోజు అలాంటి తప్పు మా డాడ్జర్స్ ఆటగాడే చేసి, ఆ మ్యాచ్‌కు అతను లేకుండా పోయినా సరే, నేను కోరుకునే నియమం ఇదే.