కాలర్ బోన్ విరిగింది, ఆపరేషన్ లేకుండానే అతికింది: నా అనుభవం

నిన్ననే ఎక్స్‌రే చూసి ఎముక అతుక్కుంది అన్నారు, మొదట చూసిన డాక్టర్ మీద కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

బైక్ స్కిడ్ అయ్యి భుజం మీద పడ్డా, ఎడమ కాలర్ బోన్ (మెడ కింద, భుజం దాకా అడ్డంగా ఉండే ఎముక) మధ్యలో విరిగింది. ఈ ఎముక ఎక్కువమందికి విరిగేది ఆ మధ్యలోనేనట. క్యాజువాలిటీలో ఎక్స్‌రే, ఇంజక్షన్, స్లింగ్ (చెయ్యిని మెడకి వేలాడదీసే పట్టీ) అన్నీ చకచకా అయిపోయాయి.

అసలు కథ మర్నాడు ఆర్థో ఓపీలో. పెద్ద డాక్టరు, చుట్టూ జూనియర్లు. షర్ట్ విప్పమన్నారు. ఒంటిచేత్తో గుండీలు తీయలేక నేను తంటాలు పడుతుంటే ఒక్కరు సాయం పట్టలేదు, అందరూ నిలబడి చూస్తున్నారు, పైగా తలుపు బార్లా తీసి ఉంది, బయట లైన్లో కూర్చున్నవాళ్లందరికీ నేనే సినిమా. ఆయన నా ఎముక ఉబ్బిన చోట పెన్నుతో చూపిస్తూ జూనియర్లకి పాఠం మొదలెట్టారు, పెన్ను తగిలినప్పుడల్లా నాకు ప్రాణం పోతోంది. నా మొహం వైపు ఒక్కసారి చూస్తే ఒట్టు. చివర్లో "ప్లేటు వేసేద్దాం, అడ్మిట్ అయిపో" అన్నారు. ప్లేటంటే ఆపరేషన్ చేసి ఎముకకి స్క్రూలతో బిగించే లోహపు పట్టీ. ఆపరేషన్ లేకుండా అతుక్కోదా సార్ అని అడిగా. అంతే. "అన్నీ తెలిస్తే ఇంట్లోనే కట్టు కట్టుకోకపోయావా" అన్నారు, జూనియర్లు కిసుక్కున నవ్వారు. మళ్లీ అడిగితే "రేపు చెయ్యి లేవకపోతే నా దగ్గరికి రావద్దు" అట. కోసేది నా ఒంటిని, నేను అడగక ఎవరడుగుతారు? గుండీలు కూడా పెట్టుకోకుండా, షర్ట్ భుజాన వేసుకుని బయటికొచ్చేశా.

రెండో డాక్టర్ దగ్గర ముందు నన్ను నిలబెట్టి మళ్లీ ఎక్స్‌రే తీయించారు. పడుకోబెట్టి తీస్తే ముక్కలు దగ్గరగా కనిపించొచ్చట, నిలబడితే చెయ్యి బరువుకి జారి అసలు సంగతి బయటపడుతుంది. ఎముక ఎంత కురచైందో కొలిచారు, 2 సెంటీమీటర్ల లోపే. వేళ్లు ఆడించమని, మణికట్టు దగ్గర నాడి పట్టి చూశారు. ఎముక చర్మం చీల్చుకుని వచ్చినా, లోపల్నుంచి పొడుస్తూ పైన చర్మం తెల్లబడుతున్నా, రక్తనాళం దెబ్బతిన్నా ఆపరేషన్ తప్పదన్నారు. నాకు అవేవీ లేవు.

ఇంక మిగిలిన కేసుల్లో లాభనష్టాలు బేరీజు వేసుకోవాల్సిందే. ఒకప్పుడు ఇది దాదాపు అందరికీ దానంతటదే అతుక్కుంటుంది అనేవాళ్లు. 2007లో కెనడా డాక్టర్లు ముక్కలు పూర్తిగా పక్కకి జరిగిన 132 మంది మీద చేసిన ట్రయల్‌లో స్లింగ్ వాళ్లకి అతుక్కోకపోవడం ఎక్కువని తేలింది, అప్పట్నుంచి ప్లేట్ల జోరు పెరిగింది. అలా పక్కకి జరిగినప్పుడు స్లింగ్‌తో సుమారు ఏడుగురిలో ఒకరికి అతుక్కోదు, ప్లేటుతో ఆ బెడద చాలా తక్కువ. కానీ ఏడాది తిరిగాక చేతి పనితనంలో చాలామందికి పెద్ద తేడా ఉండదట. ప్లేటుకి దాని ఖర్మ దానికుంది: ఇన్ఫెక్షన్, కోత కింద తిమ్మిరి, చర్మం కింద గుచ్చుకుంటే తీయించడానికి ఇంకో ఆపరేషన్. "ఆగి చూద్దాం, అతుక్కోకపోతే అప్పుడైనా ప్లేటు వేయొచ్చు" అన్నారు. ఈ నాలుగు ముక్కలు ఆ మొదటాయన చెప్పి ఉంటే నేను అక్కడే అడ్మిట్ అయిపోయేవాణ్ణేమో కూడా!

స్లింగ్ రోజులు మామూలే. వెనక్కి వాలి కూర్చునే నిద్ర, గుండీల షర్టులు, తొడిగేటప్పుడు దెబ్బ తగిలిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు ఆఖర్న. కదిలితే లోపల కటుక్కుమనేది, మొదట్లో హడలిపోయా. భుజాలు వెనక్కి లాగే ఎనిమిది ఆకారం బెల్ట్ కొనమని చాలామంది చెప్తారు, కొనకండి, అది మామూలు స్లింగ్ కంటే మెరుగేం కాదు, చంకలో ఒరుసుకోవడం అదనం. సిగరెట్ తాగేవాళ్లకి ఎముక అతకడం కష్టం, నేను జన్మలో ముట్టలేదు, ఇంట్లో అందరూ చాదస్తం అనేవాళ్లు, ఇప్పుడు చెప్పమనండి.

ఎముక అతికిన చోట బొడిపె మాత్రం అలాగే ఉంది, ఉంటుందని ముందే చెప్పారు కాబట్టి బాధ లేదు. బ్యాగు పట్టీ దాని మీద ఒత్తుతోందని కుడి భుజానికి మార్చా. ఫిజియో గోడ మీద వేళ్లతో పాకించే ఎక్సర్‌సైజ్ ఇచ్చింది, చెయ్యి చెవి దాకా వచ్చింది, బరువులు మాత్రం ఇంకొన్నాళ్లు ఆగమంది.