పేరంటానికి పెట్టే శనగలు

నవరాత్రుల్లో చెన్నైలో మన తెలుగిళ్ళలోనూ బొమ్మల కొలువు ఉంటుంది. సాయంత్రం వచ్చిన పేరంటాళ్ళకు తాంబూలంతోపాటు దొన్నెడు గుగ్గిళ్ళు పెడతాం. ఇక్కడివాళ్ళు సుండల్ అంటారు. బొబ్బర్లు, పెసలు ఎలాగో ఉడికిపోతాయి గానీ, నల్లశనగల రోజున మాత్రం చాలా ఇళ్ళలో అపచారమే జరుగుతోంది. పంటికి లొంగని గింజల్ని నైవేద్యమని పెడుతున్నారు. ఇదేమిటంటే, "అమ్మవారు భక్తి చూస్తుంది గానీ ఉడుకు చూస్తుందా" అంటారు. చూస్తుంది.

"భుంజతే తే త్వఘం పాపా యే పచన్త్యాత్మకారణాత్". గీత మూడో అధ్యాయంలో 13వ శ్లోకం, అందరికీ నోటికొచ్చిందే. తమ కోసమే వండుకునేవాళ్ళు తినేది పాపాన్నే అంటున్నాడు స్వామి. దేవుడికి చూపించి తింటే ఆ దోషం పోయిందని సరిపెట్టుకుంటున్నాం. ఎదుటివాళ్ళ కోసం వండడమంటే వాళ్ళ నోటిని తలచుకుని వండడం. ఎదురింటి మామి కట్టుడుపళ్ళకూ, ఆవిడ చెయ్యి పట్టుకొచ్చిన మనవరాలి పాలపళ్ళకూ ఆ శనగ నలగాలి. మన పంటికి సరిపోయింది కదా అనుకున్నామా, పటం ముందు పెట్టినా అది మన కోసం వండుకున్నదే.

అందుకే ఈ పూజ ముందురోజు రాత్రే మొదలవుతుంది. 250 గ్రాముల నల్లశనగలు 10, 12 దొన్నెలకు వస్తాయి. రాళ్ళూ పుచ్చులూ ఏరి, నీళ్ళు పొయ్యగానే పైకి తేలినవి తీసెయ్యండి. సరుకు కొత్తదై ఉండాలి. ఈ ఊరి ఉక్కలో ఏడాదిపాటు డబ్బాలో ఉన్న శనగ ఎంతసేపు ఉడికించినా లోపల పలుకుగానే ఉంటుంది. మూడింతల నీళ్ళలో చెంచాడు ఉప్పు వేసి 10 నుంచి 12 గంటలు నానబెట్టాలి. ఇక్కడి వేడికి అది దాటితే నురగ కట్టి వాసనేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం నీళ్ళు. బోరు నీళ్ళలో ఉండే సున్నం శనగ తోలును బిగదీస్తుంది. నానబెట్టడానికీ ఉడికించడానికీ తాగే క్యాన్ నీళ్ళే వాడండి. శనగలు ఉడకలేదని కుక్కర్ని తిట్టేవాళ్ళు ముందు నీళ్ళు మార్చి చూడాలి. వంటసోడా జోలికి మాత్రం వెళ్ళొద్దు, తోలు ఊడి జిగురొచ్చి సబ్బు రుచి తగులుతుంది.

నానిన నీళ్ళు పారబోసి, కడిగి, శనగల పైన అంగుళం ఎత్తున మంచినీళ్ళు పొయ్యండి. ఒక కూత వచ్చాక సన్నసెగ మీద 15 నిమిషాలు. ఆవిరి దానంతటదే దిగాలి. తొందరపడి తీస్తే తోళ్ళు పగులుతాయి. ఇప్పుడు ఒక గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కండి. తోలుతో సహా నలిగిపోవాలి, నడిమిన పలుకు తగలకూడదు. తగిలితే మళ్ళీ మూతపెట్టి ఇంకో 5 నిమిషాలు. నైవేద్యాన్ని రుచి చూడం కదా, నాలుక చెయ్యాల్సిన పని వేళ్ళూ కొలతలే చెయ్యాలి. ఈ 250 గ్రాములకు ఉప్పు ఒకటిన్నర చెంచాలు, కళ్ళంచనా వద్దు.

నీళ్ళు వార్చి చారుకు దాచుకోండి. రెండు చెంచాల కొబ్బరినూనెలో ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, అల్లం తురుము, ఇంగువ, కరివేపాకు తాళింపు పెట్టాలి. ఉల్లి ఊసే వద్దు. శనగలూ ఉప్పూ వేసి తడి ఆరేదాకా సన్నసెగ మీద కలపండి. పొయ్యి ఆపాకే పచ్చికొబ్బరి, నిమ్మరసం. పులుపు ఉడికేటప్పుడే పడితే గింజ బిర్రబిగుస్తుంది.

వేడివేడిగా ప్లాస్టిక్ కవర్లలో మూటలు కట్టి పంచుతున్నారు, అది మానండి తల్లీ! ఆవిరి పట్టి కొబ్బరి గంటల్లో పాడైపోతుంది. పళ్ళెంలో పరిచి ఆరనిచ్చి దొన్నెల్లో పెట్టండి. మధ్యాహ్నమే వండుకునేవాళ్ళు కొబ్బరి మాత్రం సాయంత్రం నైవేద్యానికి ముందు కలుపుకోండి.

పేరంటాళ్ళ లెక్క వేసేటప్పుడు గేటు దగ్గరి వాచ్‌మన్‌నీ, ఇంట్లో అంట్లు తోమే అమ్మాయినీ, చెత్త తీసుకెళ్ళే ఆవిణ్ణీ ఆ లెక్కలో చేర్చండి. మిగిలితే ఇద్దాంలే అనుకోవద్దు, నైవేద్యం కాగానే వాళ్ళ దొన్నెలే ముందు తీసి పక్కన పెట్టండి. అందుకు ఇంకో రెండు గుప్పెళ్ళు కావాలంటే రాత్రే నానబొయ్యాలి, తెల్లారాక గుర్తొస్తే చెయ్యగలిగింది ఏమీ ఉండదు.