అమ్మ వెళ్ళాక ఉగ్గు

విమానాశ్రయంలో అమ్మకి అమెరికాలో ఉండడానికి 6 నెలల గడువు ఇచ్చారు. కాన్పుకి 5 వారాల ముందే వచ్చింది కాబట్టి పాపకి ఐదో నెల నడుస్తుండగానే తిరుగు ప్రయాణం. ఆడపిల్లకి బేసి నెలలో, తన చేతి మీదుగా అన్నం ముట్టించాలని అమ్మ పట్టు. పిల్లల డాక్టరేమో 6 నెలలు దగ్గరపడేదాకా పాలు తప్ప ఏమీ వద్దంది. చివరికి అమ్మ బయల్దేరడానికి మూడు రోజుల ముందు, దేవుడి పటం ఎదుట పీట వేసుకుని పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పరమాన్నంలో ఉంగరం ముంచి నాలుకకి తాకించింది, అంతే. ఒక్క మెతుకు లోపలికి పోలేదు. పాకడం ఇంకా రాలేదు కదా, బోర్లా పడుకోబెట్టి పుస్తకం, పువ్వు, డబ్బు దగ్గరికి జరిపాం. పువ్వు పట్టుకుంది.

అసలు తిండి మొదలయ్యేసరికి అమ్మ తెనాలిలో ఉంది, నేను మినియాపొలిస్‌లో జనవరి చలిలో ఉన్నాను. ఇక్కడ రాత్రి 8 అయితే అక్కడ పొద్దున ఏడున్నర. ఫోన్ని పొయ్యి పక్కన నిలబెట్టి ఉగ్గు నేర్చుకున్నాను. బియ్యం నాలుగు పాళ్ళు, పెసరపప్పు ఒక పాలు, కందిపప్పు అర పాలు, చిటికెడు వాము, చిటికెడు జీలకర్ర. కడిగి పల్చటి గుడ్డ మీద నీడన ఆరబెట్టమంది. బయట మంచు మోకాలి లోతు ఉంది, ఎక్కడ ఆరబెట్టను? భోజనాల బల్ల మీదే పరిచాను. చలికాలం హీటరు రాత్రింబవళ్ళు నడుస్తూ ఇంట్లో గాలి ఎంత పొడిబారిపోతుందో ఇక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. తెల్లారేసరికి పప్పు గలగలలాడింది. "మనకి ముసురు పడితే రెండు రోజులైనా ఆరదే!" అని అమ్మ ఆశ్చర్యపోయింది. సన్న సెగ మీద దోరగా వేయించి, మిక్సీలో సన్న రవ్వలా పట్టాను. వాము వేగిన వాసనకి ఇల్లంతా మా అమ్మమ్మ వంటిల్లయింది.

ఇందులో నేను మార్చినవీ ఉన్నాయి. వరి నేలలోంచి, నీళ్ళలోంచి ఆర్సెనిక్ అనే విషపదార్థాన్ని పీల్చుకుంటుంది, అది బియ్యంలోకి చేరుతుంది. అమెరికా ఆహార ఔషధ సంస్థ 2020లో పసిపిల్లల బియ్యపు సీరియల్‌లో, అంటే డబ్బాలో అమ్మే జావపొడిలో, ఆర్సెనిక్ వంద కోట్ల పాళ్ళలో 100 పాళ్ళకి మించకూడదని హద్దు పెట్టింది. అందుకని రోజూ బియ్యమే పెట్టను. రోజు విడిచి రోజు మొలకెత్తిన రాగుల జావ. రాగులు నానబెట్టి మూటగట్టి, అవెన్‌లో లైటు మాత్రం వేసి ఉంచితే ఆ వెచ్చదనానికి రెండు రోజుల్లో మొలకలొస్తాయి. అన్నం వండిన రోజు ఎక్కువ నీళ్ళు పోసి గంజి వారుస్తాను, అలా వారిస్తే ఆర్సెనిక్ ఇంచుమించు సగం గంజితో పోతుంది. "కుక్కర్లొచ్చాక మానేశాం గానీ, మా రోజుల్లో అందరం వార్చేవాళ్ళమే" అంది అమ్మ. దుకాణంలో కొనే సీరియల్‌లో ఇనుము కలుపుతారు, ఇంట్లో చేసిన ఉగ్గులో అది ఉండదు. డాక్టర్ రాసిన ఇనుము చుక్కలు మాత్రం నేను మానలేదు, ఎవరూ మానొద్దు.

వస దగ్గర మాత్రం మాట పట్టింపు వచ్చింది. వసకొమ్ము అరగదీసి పాప నాలుక మీద రాస్తే మాటలు త్వరగా వస్తాయని అమ్మ అంది. తేనెతో కలిపి ఇమ్మంది. ఏడాది లోపు పిల్లలకి తేనె వల్ల బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు. వసలో ఉండే ఒక పదార్థం మంచిది కాదని 1968లోనే ఈ దేశంలో వసని తిండిలో వాడకుండా నిషేధించారు. ఇదంతా చెప్పి, ఇవ్వనన్నాను. "నిన్ను అలాగే పెంచాను కదే" అని రెండు రోజులు ఫోన్ చెయ్యలేదు. బాధగానే ఉంది, కానీ ఆ మాట మీదే నిలబడ్డాను.

ఏడో నెలలో చారు మొదలుపెట్టాను. పప్పుకట్టు, టమాటా, జీలకర్ర, ఒక్క మిరియం పొడి, ఉప్పు లేకుండా. తెలిసినవాళ్ళు "పసిదానికి చారేంటి, ఆపిల్ గుజ్జు పెట్టు" అన్నారు. దుకాణంలో సీసాలు తిప్పి చూడండి, పాలకూర అని రాసి ఉన్న దాంట్లోనూ చాలాసార్లు ఆపిలో పియరో ఉంటుంది. అన్నీ తీపిగా మొదలైతే పులుపు, చేదు ఎప్పుడు పరిచయమవుతాయి? మొదటి రోజు పాప మొహమంతా ముడుచుకుని, ఒళ్ళు జలదరించి ఉమ్మేసింది. కొత్త రుచి ఒకటి ఎనిమిది, పది సార్లు పెట్టాకే పిల్లలు ఒప్పుకుంటారని డాక్టర్ చెప్పింది. రెండు చెంచాలు, బలవంతం లేకుండా, రోజు మార్చి రోజు. తొమ్మిదోసారి చెంచా చూసి తనే నోరు తెరిచింది.

ఫిలడెల్ఫియాలో పరిశోధకులు 2001లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. గర్భంతో ఉన్నప్పుడో, పాలిచ్చేటప్పుడో తల్లులు క్యారెట్ రసం తాగితే, ఆ పిల్లలు క్యారెట్ రుచి ఉన్న సీరియల్‌కి అంతగా మొహం చిట్లించలేదట. అది చదివినప్పుడు అమ్మ పెట్టిన బాలింత పథ్యం గుర్తొచ్చింది. ఆ వెల్లుల్లి కారం, సొంఠిపొడి, జీలకర్ర చారు నాకొక్కదానికే కాదన్నమాట.

ఇప్పుడు పాప డేకేర్‌కి వెళ్తోంది. డబ్బా మీద టేపు అంటించి పేరు, తేదీ, లోపల ఏముందో రాయాలి. నేను 'ఉగ్గు' అని రాసి, కింద బియ్యం, పప్పు, వాము అని రాశాను. అక్కడ పిల్లల్ని చూసుకునే సోమాలియా ఆవిడ మూత తీసి వాసన చూసి, చిన్నప్పుడు వాళ్ళమ్మ జొన్నపిండితో ఇలాగే జావ కాచేదని చెప్పింది. నిన్న సాయంత్రం కడిగిన డబ్బా చేతికిస్తూ, తన మనవడి కోసం కొంచెం పొడి ఇస్తావా అని అడిగింది.

రాత్రి అమ్మకి చెప్పాను. ఒక్క క్షణం ఆగి, "ఆ పిల్లాడికి ఎన్నో నెలో కనుక్కో. ఆరు దాటకపోతే అప్పుడే వద్దని చెప్పు" అంది.