ఆరోబీ, నా డైరీ

రిటైరైన మూడో నెలలో ఐరిస్ మర్డాక్ నవల ‘ద సీ, ద సీ’ చదివాను. 1978లో దానికి బుకర్ సాహిత్య బహుమతి వచ్చింది. ఆవిడ ఆక్స్‌ఫర్డ్‌లో ఫిలాసఫీ పాఠాలు చెప్పిన మనిషి.

లండన్ నాటక దర్శకుడు చార్లెస్ ఆరోబీ అన్నీ వదిలేశానంటూ సముద్రం ఒడ్డున ఇల్లు కొనుక్కుని జ్ఞాపకాలు రాయడం మొదలుపెడతాడు. మధ్యమధ్యలో తన భోజనం గురించే! వేడి టోస్టు మీద ఆంకోవీ చేపల పేస్టట. నాకైతే సయించదు.

ఆ ఊళ్లోనే చిన్ననాటి ప్రియురాలు హార్ట్‌లీ కనిపిస్తుంది. వయసు మీదపడింది, మొగుడున్నాడు. అయినా కాపాడుతున్నాననుకుంటూ ఆమెను తన ఇంట్లో పెట్టి తాళం వేస్తాడు. దాన్ని ప్రేమనే నమ్ముతాడు.

అక్కడ పుస్తకం మూసి నా డైరీ తీశాను. పదకొండు రోజులు వరసగా ‘చాలా ప్రశాంతంగా ఉంది’ అని రాసుకున్నాను. పన్నెండో రోజు పాత ఆఫీసుకి ఫోన్ చేసి, నా కుర్చీలో ఎవరు కూర్చుంటున్నారని అడిగాను. అది మాత్రం డైరీలో లేదు.