స్టోరీ రోడ్డు మీద 1964 ఇంపాలా

నిన్న సాయంత్రం కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో కూరగాయలకని బయలుదేరి, స్టోరీ రోడ్డు, కింగ్ రోడ్డు కలిసే కూడలి దగ్గర రెండు గంటలు నిలబడిపోయాను. లోరైడర్లు, అంటే నేలకు ఆనేంత కిందికి దించి ముస్తాబు చేసిన కార్లు, నడిచే మనిషి వేగంతో వరుసగా వస్తున్నాయి.

వాటిలో ఒక 1964 షెవర్లే ఇంపాలా నన్ను కట్టిపడేసింది. పండిన నేరేడు రంగు. దగ్గరికి వెళ్లి చూస్తే రంగు లోపల వెండి మెరుపు! అడుగున వెండి పూత పూసి, దానిపై పారదర్శకమైన రంగు పొరలు పొరలుగా వేస్తేనే ఆ లోతు వస్తుంది. యజమాని, డెబ్బై దాటిన మెక్సికన్ అమెరికన్ పెద్దాయన, డిక్కీ తెరిచి చూపించారు. సామాను ఉండాల్సిన చోట బ్యాటరీలు, ద్రవపు ఒత్తిడితో బండిని లేపి దించే తళతళలాడే హైడ్రాలిక్ పంపులు. మీట నొక్కగానే బండి ముందుభాగం ఏనుగు లేచినట్టు లేచింది.

ఆ పంపులు పుట్టింది చట్టం వల్లే. కారులో ఏ భాగమూ చక్రాల రిమ్ముల కంటే కిందికి ఉండకూడదని 1958లో కాలిఫోర్నియా కట్టడి చేసింది. మరుసటి ఏడే రాన్ అగిర్రే అనే కార్ల ప్రియుడు తన కార్వెట్ కారుకు హైడ్రాలిక్స్ అమర్చారు. పోలీసులు కనిపిస్తే పైకి, వెళ్లిపోతే కిందికి. ఎంత తెలివి! ఇలా వీధుల్లో కార్లతో నెమ్మదిగా షికారు తిరగడాన్ని క్రూజింగ్ అంటారు; దాని మీద ఉన్న నిషేధాన్ని శాన్ హోసే 2022లో ఎత్తేసింది. 2024 నుంచి రాష్ట్రమంతటా ఆ అడ్డు లేదు.

"ఇది మా నాన్నగారి బండి. స్టీరింగ్ మాత్రం మార్చలేదు" అన్నారాయన. పైభాగంలో, చెయ్యి ఆనే చోట, అది నునుపుగా అరిగి ఉంది.

వచ్చే ఆదివారం మా అమ్మాయిని తీసుకువెళుతున్నాను.