మోకాలి చిప్ప కింద నీలం పట్టీ

"కొసలు గుండ్రంగా కత్తిరించాలి, లేకపోతే బట్టకి తగిలి ఊడొస్తుంది" అంటూ ఫిజియో నా మోకాలు మడిపించి, చిప్ప కింద కినీసియాలజీ టేపు (ఒంటికి అంటించే సాగే పట్టీ) అడ్డంగా అంటించింది. మధ్యలో మాత్రమే సాగదీసింది, కొసలు అస్సలు లాగలేదు. తర్వాత అరచేత్తో గట్టిగా రుద్దింది. ఆ వేడికే జిగురు పట్టుకుంటుందట.

సాయంత్రం మెట్లు దిగుతుంటే మోకాలి పోటు బాగా తగ్గింది. కొంత మనసు చేసే మాయ కూడా ఉంటుందంటారు. ఉండనీ, నాకేం అభ్యంతరం లేదు!

జపాన్‌లో కెంజో కాసే 1970ల్లో తయారుచేసిన టేపు ఇది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో బీచ్ వాలీబాల్ క్రీడాకారిణి కెర్రీ వాల్ష్ భుజం మీద కనిపించాక ప్రపంచమంతా అంటించుకుంది. రంగుకీ పనికీ ఏ సంబంధమూ లేదు, నీలమైనా గులాబీ అయినా ఒకటే.

కానీ నొప్పెడుతున్న టెండన్‌ని (కండరాన్ని ఎముకకి కలిపే తాడులాంటి భాగాన్ని) బాగుచేసేది టేపు కాదు. నొప్పిని కాసేపు పక్కకి నెడుతుందంతే. గోడకి ఆనుకుని కుర్చీ వేసినట్టు కూర్చోవడం, మెల్లమెల్లగా బరువు పెంచుతూ స్క్వాట్లు, నెలల తరబడి. ఆ బోరు పనే అసలు వైద్యం. నొప్పి లేదు కదా అని రేపే గెంతులు మొదలెడితే మొదటికే మోసం.

దురద పెడితే వెంటనే తీసెయ్యమంది. తడిపి, వెంట్రుకలు పెరిగే వైపుకే లాగాలట. మగమహారాజులూ, ఈ ముక్క గుర్తుంచుకోండి.